కణాల్లో వెలుగు – 4వ పాఠం: రంగు లేనిదీ, రంగున్నదీ

కణంలోని ఒక ప్రొటీన్‌ను యాంటీబాడీతో (దాన్ని వెతికి పట్టుకునే మరో ప్రొటీన్‌తో) పట్టి, రంగుతో వెలిగించి చూడటమే మన పని. దీన్ని ఇమ్యునోఫ్లోరసెన్స్ అంటారు. పోయిన పాఠంలో కణాలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి (ఉన్నవి ఉన్నచోటే బిగించి), ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో పొరకు కన్నాలు పెట్టి, పీబీఎస్‌లో (ఉప్పు బఫర్ ద్రావణంలో) వదిలేశాం. కణాలు అంటుకున్న పల్చటి గాజు ముక్కలు, అంటే కవర్‌స్లిప్పులు, ఇంకా తడిగానే ఉన్నాయి కదా? ఆరిపోయి ఉంటే పక్కన పడేయండి. ఎండిన కణం ఎక్కడపడితే అక్కడ మెరిసి మనల్ని మోసం చేస్తుంది.

ముందు బ్లాకింగ్. యాంటీబాడీ జిగురు స్వభావం ఉన్న ప్రొటీన్, చోటు దొరికితే చాలు అతుక్కుంటుంది. అందుకే పీబీఎస్‌లో 1 నుంచి 5 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) కలిపి, అరగంట నుంచి గంట ఉంచి, ఆ చోట్లు ముందే నింపేస్తాం.

తర్వాత ప్రైమరీ, అంటే మనకు కావాల్సిన ప్రొటీన్‌ను నేరుగా పట్టుకునే మొదటి యాంటీబాడీ. ట్యూబులిన్‌ను (కణం లోపలి సన్నని గొట్టాలు తయారయ్యే ప్రొటీన్‌ను) పట్టుకునే మౌస్ యాంటీబాడీ, అంటే ఎలుక నుంచి వచ్చినది, తీసుకుందాం. దీనికి రంగు ఉండదు. పారాఫిల్మ్ (మైనపు పల్చటి షీట్) మీద 50 మైక్రోలీటర్ల చుక్క వేసి, కవర్‌స్లిప్‌ను ఫోర్‌సెప్స్‌తో పట్టుకుని, ఒక అంచు ముందు తాకేలా మెల్లగా వాల్చండి. కణాలున్న వైపు కిందికి ఉండాలి. అది ఏ వైపో మర్చిపోతే (నేను ఎన్నిసార్లు మర్చిపోయానో!) అంచు దగ్గర ఫోర్‌సెప్స్ మొనతో కాస్త గీకండి. గీత పడితే కణాలు ఆ వైపే. మూత పెట్టిన తడి డబ్బాలో, గది వేడిలో గంట, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. ఆపైన పీబీఎస్‌తో మూడుసార్లు, ఐదేసి నిమిషాలు కడగాలి.

రంగు వచ్చేది సెకండరీతో, అంటే ప్రైమరీని పట్టుకునే రెండో యాంటీబాడీతో. ఇది మేకలో తయారైనది, మౌస్ యాంటీబాడీలను పట్టుకుంటుంది, దీనికి అలెక్సా ఫ్లోర్ 488 అనే ఆకుపచ్చగా వెలిగే రంగు తగిలించి ఉంటుంది. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం రంగును నేరుగా మొదటి యాంటీబాడీకే అంటించింది. అలా ఇప్పటికీ చేస్తారు, కానీ ఒక్కో ప్రైమరీ మీద సెకండరీలు కొన్ని చేరతాయి కాబట్టి మన పద్ధతిలో వెలుగు ఎక్కువ. ఇక్కడి నుంచి డబ్బాకు ఫాయిల్ చుట్టండి, వెలుతురులో రంగు వెలిసిపోతుంది. గంటయ్యాక మళ్ళీ మూడుసార్లు కడగండి.

ఒక కవర్‌స్లిప్‌కు మాత్రం ప్రైమరీ వేయకండి, సెకండరీ ఒక్కటే వేయండి. అది మెరిస్తే, ఆ వెలుగు ట్యూబులిన్‌ది కాదని అర్థం. టైమ్ లేదని చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. నేనూ ఒకసారి ఎగ్గొట్టి, వారం రోజులు ఉత్త మెరుపును చూసి మురిసిపోయాను. మైక్రోస్కోప్ కింద రెండింటికీ ఒకే ఎక్స్‌పోజర్ పెట్టండి. ఆటో మోడ్ పెడితే, చీకటిగా ఉండాల్సిన స్లైడ్‌ను కూడా అది వెలిగించి చూపిస్తుంది.

వచ్చే పాఠంలో రెండు ప్రొటీన్లను రెండు రంగుల్లో చూస్తాం. ఆలోపు ఒక ప్రశ్న: రెండు ప్రైమరీలూ మౌస్‌వే అయితే, సెకండరీ దేన్ని పట్టుకుంటుంది?