కుక్కపిల్ల ప్రాణం మీదికి వస్తే పెద్దాసుపత్రి ఎలా వెతుక్కోవాలి

మా కుక్కపిల్ల రాగికి మూడో నెల నడుస్తుండగా ఒక ఆదివారం సాయంత్రం అన్నం ముట్టలేదు. ఎండలకేమోలే అనుకున్నాం. రాత్రి పదింటికి ఒక వాంతి, పన్నెండింటికి ఇంకోటి, తెల్లారేసరికి వరండా అంతా రక్తం కలిసిన విరేచనాలు. ఆ వాసన ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ మరిచిపోరు. మాది ఖమ్మం. ఆ వారంలో నేను చేసిన తప్పులు, అదృష్టం కొద్దీ చేసిన ఒకటి రెండు మంచి పనులు కలిపి రాస్తున్నాను. మీరు ఇప్పుడు ఒళ్లో పిల్లని పెట్టుకుని ఇది చదువుతుంటే, ఈ కింది రెండు పేరాలు చూసి బయల్దేరండి, మిగతాది కారులో పక్కవాళ్లతో చదివించుకోండి.

రేపటిదాకా ఆగకూడని లక్షణాలు ఇవి: నీళ్లు తాగినా కక్కేయడం, విరేచనంలో రక్తం, ఫిట్స్, ఊపిరికి ఎగపోత, పొట్ట బిగదీసుకుపోవడం, పిలిచినా తల ఎత్తకపోవడం. పై పెదవి ఎత్తి చిగురు చూడండి, గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగు తేలాలి. తెల్లగా, జిగటగా ఉండి రంగు రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంటే ఒంట్లో నీరు, రక్తప్రసరణ పడిపోతున్నట్టు. కుక్కకి మామూలుగా ఉండే వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మనకి జ్వరం అనిపించేది దానికి మామూలే. 104 దాటినా, 99 కంటే దిగినా టెన్షన్ పడాల్సిందే, దిగడం ఇంకా చెడ్డది.

దారిలో నోట్లో ఏమీ పోయకండి. మా అమ్మ "కాస్త మజ్జిగ పట్టరా, కడుపు చల్లబడుతుంది" అని గ్లాసు పట్టుకుని కారు దాకా వచ్చింది, కానీ వాంతులవుతున్న పిల్లకి బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెడుతుంది. మరీ చిన్నపిల్ల అయి సొమ్మసిల్లి ఉంటే కొంచెం గ్లూకోజ్ పొడో తేనో వేలితో చిగుళ్లకి రాయండి, అంతవరకే. పిల్లల్లో చక్కెర చాలా తొందరగా పడిపోతుంది. తువ్వాలు చుట్టి, వేడినీళ్ల సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, విరేచనాలు ఆపే లోపెరమైడ్ జోలికి అసలు పోకండి, వీటిలో మొదటి రెండూ కుక్కలకి విషంతో సమానం.

ఇక నా మొదటి తప్పు. సోమవారం పొద్దున నేను డాక్టర్ దగ్గరికి కాకుండా కుక్కల దాణా అమ్మే షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు "ఇది మామూలే అన్నా" అని రెండు ఇంజెక్షన్లు వేశాడు. ఏం వేశాడో సీసా కూడా చూడలేదు నేను. ఒక రోజంతా అలా పోయింది. పశువైద్యుడు అంటే బి.వి.ఎస్‌సి. చదివి, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్లో పేరు నమోదైన మనిషి, 1984 నాటి చట్టం ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే వైద్యం చేయాలి. "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత సార్?" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చాలామంది చీటీ మీదే వేసుకుంటారు.

మంగళవారం మా ఊరి పశువుల ఆసుపత్రికి వెళ్లాం. వాళ్లు గేదెల డాక్టర్లే కదా, కుక్కపిల్ల గురించి ఏం తెలుస్తుంది అనే చిన్నచూపు నాకూ ఉండేది. తప్పు. ఆ మేడమ్ అయిదు నిమిషాల్లో ముంగాలికి కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టి సెలైన్ ఎక్కించి, వాంతులకి ఇంజెక్షన్ చేసి, "ఇది పార్వోలా ఉంది, ఇక్కడ రాత్రి చూసుకునేవాళ్లు లేరు, తీసుకెళ్లండి" అన్నారు. పార్వో అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు, ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. పెద్దాసుపత్రికి రెండు మూడు గంటల దారి ఉన్నప్పుడు ముందు దగ్గర్లో ఉన్న ఏ డాక్టర్‌తోనైనా ఒక సెలైన్ ఎక్కించుకుని బయల్దేరడం చాలా మంచిది, దారిలో చనిపోయే పిల్లలు ఎక్కువగా నీరు ఇంకిపోయే చనిపోతాయి. అక్కడే ఆ డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "మీ ఇంట్లో కుక్కపిల్లకే ఇలా అయితే మీరు ఎక్కడికి తీసుకెళ్తారు?" ఇంటర్నెట్‌లో స్టార్లు లెక్కపెట్టుకోవడం కంటే ఈ జవాబు విలువైనది. వీలైతే ఆయన చేతో ఆమె చేతో అక్కడికి ఒక ఫోన్ చేయించండి.

స్పెషలిస్టు అనే మాట గురించి కొంచెం చెప్పాలి. పశువైద్యంలో బి.వి.ఎస్‌సి. తర్వాత ఎం.వి.ఎస్‌సి. చేస్తారు, అందులో మనకి ముఖ్యంగా పనికొచ్చేవి మెడిసిన్, సర్జరీ విభాగాలు. పార్వో, డిస్టెంపర్ (ఇదీ వైరస్ జబ్బే), పిడుదుల జ్వరం, కామెర్లు ఇవన్నీ మెడిసిన్ వాళ్లవి. బంతి ముక్కో ఎముకో మింగేయడం, కాలు విరగడం, పేగు పేగులోకి దూరుకుపోవడం సర్జరీ వాళ్లవి. ఈ చివరిది పార్వో వచ్చిన పిల్లల్లో కూడా అవుతుంది, అందుకే స్కానింగ్ ఉన్న చోటికి వెళ్తే మేలు. అయితే పార్వో లాంటి జబ్బులో బోర్డు మీద ఎన్ని డిగ్రీలున్నాయి అనేదాని కంటే, రాత్రి రెండింటికి ఆ సెలైన్ బాటిల్ వైపు ఎవరు చూస్తున్నారు అనేదే పిల్లని బతికిస్తుంది. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న సంగతి.

మాకు విజయవాడ 120 కిలోమీటర్లు, హైదరాబాద్ 200, కాబట్టి విజయవాడ. అక్కడ మొదట వెళ్లిన ప్రైవేటు క్లినిక్ పేరు చెప్పను. డాక్టర్ మంచి చదువరి, ఓపిగ్గా వివరించాడు, పిల్లని అక్కడే ఉంచమన్నాడు, మేము సరే అన్నాం. పొద్దున ఏడింటికి వెళ్తే షట్టర్ వేసి ఉంది. తెరిచాక చూస్తే రాగి బోనులో తన విరేచనంలోనే పడుకుని ఉంది, కాన్యులా ఊడిపోయి సెలైన్ అంతా కింద కారింది. తొమ్మిదింటికి షట్టర్ దించాక లోపల మనిషి లేడట. అడ్మిట్ చేసుకుంటాం అంటే రాత్రంతా చూసుకుంటారని నేనే ఊహించుకున్నాను, ఎవరూ అలా చెప్పలేదు.

కాబట్టి ఫోన్‌లో ముందే అడగాల్సినవి అడగండి. రాత్రి లోపల ఉండేది డాక్టరా, కాంపౌండరా, వాచ్‌మనా? అంటువ్యాధి కేసులకి వేరే గది ఉందా? రక్తపరీక్ష అక్కడే చేస్తారా, బయటికి పంపితే రిపోర్టు ఎప్పటికి వస్తుంది? సెలైన్ చుక్కలు లెక్కపెట్టి ఎక్కించే పంపు ఉందా? మమ్మల్ని రోజుకి ఒకసారి చూడనిస్తారా? "24 గంటలు" అని మ్యాపులో రాసుకున్న చోట్ల కొన్నిట్లో ఫోన్ మాత్రమే 24 గంటలు, అదీ ఎత్తితే. అర్ధరాత్రి కాకపోయినా తొమ్మిది తర్వాత ఒకసారి చేసి చూడండి, ఎవరు ఎత్తుతారో, ఎలా మాట్లాడతారో అక్కడే సగం తెలిసిపోతుంది. పార్వో అనుమానం అని ఫోన్‌లోనే చెప్పేయండి, దాచకండి, అప్పుడు వాళ్లు మిమ్మల్ని వేరే దారిన రమ్మంటారు, వరసలో ఉన్న మిగతా పిల్లలకి అంటకుండా ఉంటుంది.

ఎక్కడెక్కడ వెతకాలి అంటే నేను ముందు వెటర్నరీ కాలేజీల పేరు చెప్తాను. అక్కడ మెడిసిన్, సర్జరీ ప్రొఫెసర్లు ఒకే ఆవరణలో ఉంటారు, ఖర్చు కూడా బయటితో పోలిస్తే బాగా తక్కువ. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరు, ఇవన్నీ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివి. హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల కూడా ఉంది. ఆంధ్రలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకి చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ అందుబాటు, 1903 నుంచీ ఉన్నది. హిందూపురం వాళ్లకి బెంగళూరు హెబ్బాళ కాలేజీ దగ్గర. కాలేజీల్లో ఓపీ ఎక్కువగా పగటిపూటే, కాబట్టి సెలవు రోజు ఉందా, రాత్రి ఉంచుకుంటారా అని ముందే కనుక్కోండి. పగలు కాలేజీలో చూపించి, రాత్రికి ప్రైవేటులో ఉంచడం చాలామంది చేసే పని, అందులో సిగ్గుపడేదేం లేదు. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పల్లెల్లో పాడిపశువుల కోసం పెట్టింది. సలహా అడగొచ్చు గానీ కుక్కపిల్లని ఊరు దాటించి తీసుకెళ్తుందని దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి.

బయల్దేరేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పుట్టిన తేదీ లేదా సుమారు వయసు, బరువు, ఏ టీకా ఏ రోజు వేయించారు, నులిపురుగుల మందు ఎప్పుడు, మొదటి వాంతి ఎన్నింటికి, ఎన్నిసార్లు, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఇప్పటిదాకా ఎవరు ఏ మందు ఎంత ఇచ్చారు. ఈ ఆఖరిది నా దగ్గర లేదు, షాపు కుర్రాడి పుణ్యాన, రెండో ఆసుపత్రి డాక్టర్ ఆ ఇంజెక్షన్లు ఏమిటో తెలియక మందు విషయంలో తటపటాయించాల్సి వచ్చింది. ఫిట్స్ లాంటివి వస్తే ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టర్ ముందుకి వెళ్లేసరికి అవి ఆగిపోతాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంటే కేస్ షీట్, రిపోర్టుల ఫొటోలు అడిగి తీసుకోండి, మొహమాటపడితే అవే పరీక్షలకి మళ్లీ డబ్బు కట్టాలి.

అక్కడ ఏం చేస్తారో తెలిసి ఉంటే సగం భయం పోతుంది. విరేచనం నుంచి పుల్లతో తీసి కిట్ టెస్ట్ చేస్తారు. అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన పార్వో కాదని కాదు, అలాగే నాలుగు రోజుల కింద టీకా వేయించి ఉంటే జబ్బు లేకపోయినా పాజిటివ్ అన్నట్టు సన్నగా గీత కనపడొచ్చు, అందుకే టీకా తేదీ చెప్పాలి. రక్తపరీక్షలో తెల్లకణాలు ఎంత పడిపోయాయో చూస్తారు. పిడుదులు కనిపిస్తే స్మియర్ (రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడటం) అడగండి. వైద్యం ప్రధానంగా సెలైన్, వాంతి ఆపే మందు, పేగు దెబ్బతిన్న దారిన రక్తంలోకి వచ్చే బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్, చక్కెర, పొటాషియం సరిచూడటం. ఆ వారం రోజులు పిల్ల ఒంటిని నిలబెడితే వైరస్ సంగతి దాని ఒళ్లే చూసుకుంటుంది. కాబట్టి "ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిస్తా" అనేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. వైద్యం లేకపోతే పదింటిలో తొమ్మిది పోతాయి, గట్టిగా రాత్రింబవళ్లు చూస్తే పదింటిలో ఎనిమిది తొమ్మిది బతుకుతాయి. ఒక జబ్బులో వైద్యానికి ఇంత తేడా ఉండటం అరుదు.

డబ్బు విషయం మొదటి పది నిమిషాల్లోనే మాట్లాడండి. రోజుకి ఎంత, అందులో ఏవేవి కలిశాయి, అడ్వాన్స్ ఎంత. మీ దగ్గర ఇంతే ఉంది అంటే ఇంతే ఉంది అని చెప్పండి. ఏది తప్పనిసరి, ఏది లేకున్నా నడుస్తుంది అని మంచి డాక్టర్ వేరు చేసి చెప్తారు. అడ్మిట్ చేసే స్తోమత లేకపోతే కూడా దారి ఉంది: అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ డాక్టర్లు మొదట సెలైన్‌తో నిలబెట్టి, ఆ తర్వాత రోజూ చర్మం కింద సెలైన్, వాంతుల ఇంజెక్షన్, యాంటీబయాటిక్‌తో ఇంటి తరహాలో చూసిన పిల్లల్లో 80 శాతం బతికాయి, ఆసుపత్రిలో ఉంచినవి 90 శాతం. "రోజూ తీసుకొస్తాను, చర్మం కింద సెలైన్ ఎక్కించండి" అని అడగడానికి ఇది చాలు. ఏమీ చేయకుండా ఇంట్లో పెట్టుకోవడం మాత్రం వద్దు.

రక్తం ఎక్కించాలి అంటే కంగారుపడకండి. 25 కిలోలు దాటిన, టీకాలన్నీ అయిన, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క కావాలి, మీ ఫ్రెండ్స్‌లో లాబ్రడార్ ఉన్నవాళ్లకి ముందే ఫోన్ చేసి పెట్టుకోండి.

మేము గురువారం రాగిని వేరే ఆసుపత్రికి మార్చాం, చిన్న బిల్డింగే, కానీ రాత్రి ఒక జూనియర్ డాక్టర్ అక్కడే చాప వేసుకుని పడుకునేవాడు. శనివారం మధ్యాహ్నం వాంతులు ఆగాయి. సోమవారం ఆ అబ్బాయే ఉడికించిన కోడిముక్కని నలిపి వేలి మీద పెడితే నాకింది.

ఇంటికొచ్చాక కొద్దికొద్దిగా రోజుకి నాలుగైదుసార్లు పెట్టమన్నారు, మందుల కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు. తగ్గాక కూడా విరేచనంలో రెండు వారాల దాకా వైరస్ పోవచ్చు, ఆ లోపు వీధిలోకి తిప్పకండి. నేల మీద అది నెలల తరబడి బతుకుతుంది, శానిటైజర్‌కి చావదు. ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి తడిపి పది నిమిషాలు ఉంచాలి. చెప్పుల అడుగులు, కారు మ్యాట్లు కూడా. పక్కింట్లో రెండు నెలల పిల్ల ఉంది, వాళ్లకి ఆ సోమవారమే ఫోన్ చేసి చెప్పాను, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయించాలని, ఒక్కటి వేయించి ఊరుకోవద్దని. నేను ఊరుకుంది ఒక్కదానితోనే.