చెరువు శిఖంలో ఫిరంగి సీను తీయాలంటే

షార్ట్ ఫిల్ముల్లో ఫిరంగి సీను చెడిపోయేది మంట చాలక కాదు, టైము తప్పి. పేల్చేవాళ్లకు గురి కనపడదు. పది కిలోమీటర్ల అవతల పడే గుండుకు అర నిమిషం అటూ ఇటూ పడుతుంది. ఆ అర నిమిషంలో ఏం చూపిస్తారన్నదే సీను. గురిని చూసేది ముందెక్కడో గుట్ట మీద బైనాక్యులర్‌తో కూర్చున్న అబ్జర్వర్. మొదటి గుండు అవతల పడితే 400 మీటర్లు తగ్గించమంటాడు, రెండోది ఇవతల పడితే 200 పెంచమంటాడు, ఆపైన 100. అట్లా సగం సగం చేసుకుంటూ దగ్గరికొచ్చాకే ఫిరంగులన్నీ కలిసి పేలుతాయి. డైలాగులు ఇట్లా రాసుకుంటే సగం పని అయినట్టే. 1999 కార్గిల్లో బోఫోర్స్‌తో (155 ఎం.ఎం. గొట్టమున్న ఫిరంగి) ఎదురుగా కనపడే శిఖరాల మీదికి నేరుగా కొట్టిన సందర్భాలున్నాయి. ఫిరంగినీ గురినీ ఒకే ఫ్రేములో పెట్టాలంటే కథను అక్కడ పెట్టుకోండి.

చోటు కోసం వరంగల్ కోటకు పోవద్దు. అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, అనుమతి లేకుండా షూటింగ్ కుదరదు, గడ్డపార అసలే పెట్టనివ్వరు. పైగా కీర్తితోరణం పక్కన 155 ఎం.ఎం. ఫిరంగి నవ్వులాటే. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువు శిఖం గానీ, పత్తి కట్టె పీకేసిన చెల్క (ఎర్రనేల చేను) గానీ చాలు. సర్పంచికి, పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పండి. ట్రాలీ మీద డమ్మీ ఫిరంగి తీసుకుపోతుంటే టార్పాలిన్ కప్పండి.

ఇక డమ్మీ ఫిరంగి తయారీ. బోఫోర్స్ గొట్టం 39 క్యాలిబర్ అంటారు. అంటే పొడవు లోపలి వ్యాసానికి 39 రెట్లు: 155 × 39, ఆరు మీటర్ల పైచిలుకు. 20 అడుగుల పీవీసీ పైపు దాదాపు అంతే ఉంటుంది. 160 ఎం.ఎం. పైపు సరిపోతుందనుకుంటారు గానీ 155 అనేది లోపలి కొలత. బయటికి అంతకంటే లావు కనపడాలి, కాబట్టి 200 ఎం.ఎం. పైపు కొనండి. వెనక మూడో వంతుకు గోనెసంచి, మైదా జిగురు, పేపరు చుట్టి ఇంకా లావు చేయండి. ఎండకు పైపు మెత్తబడి మూతి వంగుతుంది, లోపల రెండు వెదురు బొంగులు దూర్చి కట్టండి. పైపు మీది కంపెనీ అక్షరాలు థిన్నర్‌తో తుడిచి, ఎమరీ పేపరుతో గీకాకే రంగు వేయాలి. లేకుంటే రంగు పెచ్చులూడి, క్లోజప్‌లో బోరు పైపు బయటపడుతుంది. మెరిసే ఎనామిల్ వద్దు, మ్యాట్ ఆకుపచ్చ వేయండి.

గొట్టం పేలగానే వెనక్కి జరగాలి. చెక్క గాడిలో పెట్టి, ఇద్దరు కెమెరాకు కనపడకుండా తాడుతో లాగితే చాలు. వెనక్కి రెప్పపాటులో, ముందుకు నింపాదిగా రెండు మూడు సెకన్లలో. రెండూ ఒకే వేగంతో జరిగితే ఊయల ఊగినట్టుంటుంది.

155 ఎం.ఎం. గుండు బరువు 43 కిలోలు, యూరియా బస్తాకు కాస్త తక్కువ. థర్మకోల్ గుండును ఒంటిచేత్తో లేపితే మన దిక్కు ఏ రైతైనా పట్టేస్తాడు. లోపల 15 కిలోల ఇసుక పోయండి, నడుం దానంతటదే వంగుతుంది. ఈ ఫిరంగిలో గుండు వేరు, దాన్ని తోసే మందు సంచులు వేరు. పేలాక ఇత్తడి ఖోళీ (మందు తొడుగు) కింద పడినట్టు చూపొద్దు.

ఇక గుండు పడే చోటు. పెట్రోలు మంట వద్దు, దీపావళి బాంబుల మందు జోలికి అసలే పోవద్దు. నేల మీద పేలే గుండుతో లేచేది ఎక్కువగా మట్టి, బూడిదరంగు పొగ. గుంతలో వెడల్పు మూతి ఇనుప గరాటు పాతి, లారీ బ్రేకుల గాలి ట్యాంకు ఒకటి ఆటోనగర్‌లో తుప్పు పట్టనిది చూసి తెచ్చి పక్కనే పెట్టండి. కంప్రెసర్ నుంచి సన్న పైపుతో నేరుగా వదిలితే గాలి మెల్లగా వచ్చి మట్టి తుస్సుమంటుంది. ట్యాంకుకు, గరాటుకు మధ్య పొట్టి హోసు, అంగుళంన్నర బాల్ వాల్వ్ ఉండాలి. గాలి 60 పాయింట్లు (పీఎస్‌ఐ) దాటొద్దు. గాలికి పీవీసీ వాడొద్దు, అది పగిలితే పెంకులై దూసుకొస్తుంది.

గరాటులో అదే చేను మట్టిని జల్లెడ పట్టి నాలుగు పాళ్లు, రైస్ మిల్లు ఊక ఒక పాలు. ఊక ఎక్కువైతే తూర్పార పట్టినట్టుంటుంది, మట్టి తడిగా ఉంటే గడ్డలై పడుతుంది. ఒక్క రాయి మిగిలినా వడిసెల రాయిలా తగులుతుంది. సున్నం, సిమెంటు కళ్లు పోగొడతాయి. గోధుమపిండి దుమ్ము నిప్పు తగిలితే నిజంగానే భగ్గుమంటుంది. చెల్కలో నల్లమట్టి లేచిందా, మోసం తెలిసిపోతుంది. మనుషులు పది అడుగుల అవతల, కళ్లద్దాలతో ఉండాలి.

మూతి మెరుపు ఎడిటింగ్‌లో రెండు ఫ్రేములు చాలు. ఆ రెండు ఫ్రేములూ మొహాల మీద ఎల్‌ఈడీ వెలుగు పడేట్టు షూటింగ్‌లోనే చూసుకోండి. దూరం నుంచి చూపే పేలుడుకు చప్పుడు మాత్రం ఆలస్యంగా రావాలి. 40 డిగ్రీల ఎండలో అది సెకనుకు 355 మీటర్లు పోతుంది. కిలోమీటరు దూరంలో పేలితే, 24 ఫ్రేముల లెక్కన, మెరుపు తర్వాత 68 ఫ్రేములకు వినపడాలి. కెమెరా అదరాల్సింది కూడా అప్పుడే.