ఉడుత పిల్ల కింద పడితే ముందే పాలు పట్టకండి

మా పెరట్లో కొబ్బరి చెట్టుంది. గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్నే దాని మొదలు చూడటం నాకు అలవాటు. పీచు, దూది, మా మాపు గుడ్డ దారాలు పోగేసి ఉడుత కట్టుకున్న గూడు గట్టి గాలికి జారిపోతుంది.

మొదటిసారి దొరికిన పిల్ల నా తప్పువల్లే పోయింది. జాలేసి, వెల్లకిలా పడుకోబెట్టి ఇంకు ఫిల్లరుతో ఆవుపాలు పోశాను. ముక్కులోంచి పాలు బుడగలుగా వచ్చాయి. సాయంత్రం దాకా కూడా బతకలేదు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పిల్లను చేతిలోకి తీసుకోగానే ఆకలి సంగతి కాదు, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడండి. గులాబీ రంగు చర్మం కింద మూడు చారలు నీడలా కనిపిస్తూ, కళ్లు ఇంకా విప్పలేదంటే దాదాపు మూడు వారాల్లోపుదే. ఆ వయసులో ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. చల్లబడ్డ ఒంటికి పాలు అరగవు. చీమలుంటే మెత్తగా దులిపి, అట్టపెట్టెలో పాత నూలు చీర ముక్క పరిచి పడుకోబెట్టండి. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కనే పెట్టండి. వేడెక్కువైతే పిల్ల రెండో పక్కకు జరుగుతుంది.

వెచ్చబడ్డాక పెట్టెను మూత లేకుండా, పిల్లికి అందనంత ఎత్తులో అదే చెట్టుకు కట్టండి. మీరు లోపలికెళ్లి కిటికీలోంచి కాకుల్ని కనిపెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదని మా అత్తయ్య అనేవారు. కానీ అది నిజం కాదని మొన్న శ్రావణంలో నేను కళ్లారా చూశాను. తల్లి తలకిందులుగా దిగింది. దాని వెనక పాదాలు పూర్తిగా వెనక్కి తిరిగి, గోళ్లు బెరడును పట్టుకున్నాయి. పిల్లను ముందుకాళ్లతో దొర్లించి పొట్ట దగ్గర చర్మం నోట కరుచుకుంది. పిల్ల తల్లి మూతి చుట్టూ ఉండలా ముడుచుకుంది. అలాగే పైకి పట్టుకుపోయింది!

ఉడుతలు పగలే తిరుగుతాయి. చీకటి పడితే తల్లి రాదు కాబట్టి పెట్టెను లోపలికి తెచ్చుకోవాలి. రెండు మూడు గంటలు చూసినా తల్లి రాకపోతే పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఈలోగా పట్టాల్సి వస్తే, పెట్ షాపులో దొరికే కుక్కపిల్లల పాలపొడి కలిపి, సూది లేని ఒక మి.లీ. సిరంజితో, పిల్లను బోర్లా పట్టుకుని, పెదవి దగ్గర చుక్క చుక్కగా. ఒక చుక్క నాకాకే ఇంకో చుక్క. తర్వాత తడి దూదితో కింద మెల్లగా తుడవండి. తల్లి నాకితే తప్ప ఈ వయసు పిల్లలు మూత్రం పోయవు.

పిల్లి నోట పడినదైతే గాయం గుండుసూది మొనంత ఉన్నా ఆలస్యం చేయకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఒంటినిండా బొచ్చు వచ్చి, కళ్లు తెరిచి, మిమ్మల్ని చూడగానే తోక ఎగరేస్తూ పరిగెత్తే పిల్లను మాత్రం పట్టుకోకండి. మీ పిల్లిని కాసేపు గదిలో పెట్టి తలుపేస్తే చాలు.