పిత్తనాళంలో స్టెంట్ ఉన్నవారు పొగాకు బ్యారన్ ముట్టించేలోగా తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో కొండపి వైపు నుంచి ఒక పొగాకు రైతును తెల్లవారుజామున మా ఎండోస్కోపీ విభాగానికి తీసుకువచ్చారు. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు, కళ్లు పచ్చబడ్డాయి, బీపీ పడిపోయింది. పదకొండు నెలల కిందట వేరొకచోట ఆయన పిత్తనాళంలోని (కాలేయం నుంచి పేగుకు పిత్తరసం తెచ్చే గొట్టంలోని) రాళ్లు తీసి, ప్లాస్టిక్ స్టెంట్ (నాళం మూసుకుపోకుండా ఉంచే సన్నని గొట్టం) పెట్టి, మూడు నెలలకు వచ్చి తీయించుకోమని చెప్పి పంపారు. ఆ గడువు నాటికి బ్యారన్లు (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదులు) మండుతున్నాయి, ఆ తరువాత వేలం వచ్చింది, వేలం ముగిసేసరికి నారుమళ్ల పని మొదలైంది. నొప్పి లేదు కనుక ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన బతికి బయటపడ్డారు. బయటికి తీసిన స్టెంట్‌ను గాజుగుడ్డ మీద పెట్టి ఆయన కుమారునికి చూపించాను. బాల్‌పెన్ రీఫిల్ కంటె కాస్త లావైన ఆ గొట్టం నిండా ముదురు గోధుమరంగు మడ్డి గట్టిపడి, సూది దూరే సందు కూడా లేదు.

నూనె తగ్గించండి, నీళ్లు తాగండి అన్నవి అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలి, నేను పదేపదే చూస్తున్న ఒక్క పొరపాటు గురించి రాస్తున్నాను. నొప్పి తగ్గిందని స్టెంట్‌ను మరచిపోవడమే ఆ పొరపాటు.

కాలేయం రోజుకు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల వరకు పిత్తరసం తయారుచేస్తుంది. భోజనానికీ భోజనానికీ మధ్య నాళం చివరనున్న వలయ కండరం బిగుసుకుని ఉండడం వల్ల ఆ రసం గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) అనే సంచిలోకి చేరి, అందులోని నీరు ఇంకిపోగా 5 నుంచి 10 రెట్లు చిక్కబడుతుంది. కొవ్వు పదార్థం తిన్నప్పుడు ఆ సంచి ముడుచుకుని దానిని పేగులోకి వదులుతుంది. 1974 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో, ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేసేటప్పుడు ఆ కండరాన్ని కోస్తే ఒత్తిడి తగ్గి రసం నేరుగా పేగులోకి జారిపోతుంది, సంచి మునుపటిలా నిండదు. కొలెస్ట్రాల్ రాళ్లు కట్టే గుణం దీనివల్ల కొంత తగ్గడం మేలే. అయితే అదే దారిలో పేగులోని బ్యాక్టీరియా పైకి ఎక్కుతుంది. దాని ఎంజైముల వల్ల విడిపోయిన బిలిరుబిన్ కాల్షియంతో కలిసి గోధుమరంగు మడ్డిగా పేరుకుంటుంది. స్టెంట్ లోపలి గోడ ఆ బ్యాక్టీరియా అంటుకుని పెరగడానికి అనువుగా ఉంటుంది కనుకనే ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలలకు మించి నమ్మదగినది కాదు.

స్టెంట్ అనగానే మనవారికి గుండె స్టెంట్ గుర్తుకు వస్తుంది, అది జీవితాంతం ఉండేదే కనుక ఇదీ అంతేనని నమ్ముతారు. అది నిజం కాదు. క్యాన్సర్ అడ్డుకు వేసే లోహపు స్టెంట్ల సంగతి వేరు. మీకు వేసినది ఏదో, ఎప్పుడు తీయాలో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. గాల్‌బ్లాడర్ తీసేశారు కదా అని కూడా నిశ్చింతగా ఉండకండి, నాళం అక్కడే ఉంది, స్టెంట్ అందులోనే ఉంది.

నాళంలో రాళ్లు తీసినా గాల్‌బ్లాడర్‌లో రాళ్లు మిగిలి ఉంటే, దానిని తీసే ఆపరేషన్‌ను పంట చేతికొచ్చాక చూద్దామని వాయిదా వేయవద్దు. వీలైనంత వరకు రెండు వారాల్లోపు చేయించుకోవడం మంచిది, ఎందుకంటే మిగిలిన రాయి మళ్లీ నాళంలోకి జారుతుంది.

ఈఆర్‌సీపీకి ముందు, గుండె జబ్బుకు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ మాత్రల సంగతి డాక్టర్‌కు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. కామెర్లలో పిత్తం పేగుకు చేరక విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం త్వరగా గడ్డకట్టదు. అందువల్ల రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష చేయించకుండా బల్ల ఎక్కకండి.

ఈఆర్‌సీపీ చేయించుకున్న రోజు రాత్రి వీపులోకి పొడిచే కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకోకండి, అది క్లోమం వాపు కావచ్చు. మలం నల్లగా వస్తే వెంటనే వెళ్లండి. పిత్తం బయటికి రావడానికి పక్కటెముకల మధ్య నుంచి గొట్టం పెట్టి బయట సంచి తగిలించి ఉంటే రోజూ ఎంత పిత్తం వచ్చిందో కొలిచి రాయండి, దానితోపాటు నీరు, లవణాలు కూడా పోతాయి. సంచిని నడుము కంటె పైకి ఎత్తకండి. గొట్టం మెలిక పడనివ్వకండి. వణుకుతో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లవారేవరకు ఆగకండి. మూత్రం ముదురు పసుపు రంగుకు మారితే పసరు మందుకు వెళ్లకండి, మూసుకుపోయిన గొట్టాన్ని పసరు తెరవలేదు. నొప్పి లేదని స్టెంట్‌ను మరచిపోకండి. బ్యారన్ ముట్టించే తేదీలు రాసే పుస్తకంలోనే దాని తేదీ కూడా రాయండి. గడువు సీజన్ మధ్యలో పడితే ముందుగానే డాక్టర్‌ను అడిగి తీయించుకోండి, తరువాతికి జరపకండి. తీసిన స్టెంట్‌ను ఇంటివారిలో ఒకరు కళ్లతో చూసి, తీసినట్టు కాగితం మీద రాయించుకుని రండి.