డబుల్ డ్రిబుల్ అని విజిల్ వేసే ముందు చూడాల్సింది

స్కూల్, కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా నిలబడే పీఈటీలకు, కొత్తగా ఆడే పిల్లలకు ఇది పనికొస్తుంది. ఇక్కడ చెప్పేవన్నీ ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్సే. టీవీలో చూసే ఎన్‌బీఏ (అమెరికా లీగ్) రూల్స్‌తో వీటిని కలపొద్దు. డ్రిబుల్ అంటే బంతిని నేలకు కొడుతూ ఆడటం; అది ఒకసారి ముగిశాక మళ్లీ మొదలుపెడితే డబుల్ డ్రిబుల్.

సమస్య: పాస్ అందుకోబోతే బంతి చేతికి తగిలి జారిపోయింది. ఆ అమ్మాయి వెంటపడి పట్టుకుని డ్రిబుల్ మొదలుపెట్టగానే అవతలి బెంచీ నుంచి "డబుల్!" అని కేకలు.

కారణం: జారిన బంతి నేలకు తగిలి ఎగిరితే అచ్చం డ్రిబుల్‌లాగే కనిపిస్తుంది. కానీ బంతి అదుపులోకి వచ్చాకే డ్రిబుల్ అనేది మొదలవుతుంది. ఇక్కడ అదుపే లేదు. దీన్ని ఫంబుల్ అంటారు.

పరిష్కారం: ఆట సాగనివ్వండి. ఆమెకు డ్రిబుల్ హక్కు పూర్తిగా ఉంది. బంతి చేతిలో లేనంతసేపు ఎన్ని అడుగులు వేసినా ట్రావెలింగ్ (బంతి పట్టుకుని హద్దు మీరి అడుగులు వేయడం) కాదు.

అదే ఫంబుల్ డ్రిబుల్ ముగిశాక జరిగితే లెక్క మారుతుంది. రెండు చేతులతో ఒకేసారి తాకినా, ఒక చేతిలోనైనా బంతి నిలిచిపోయినా డ్రిబుల్ అయిపోయినట్టే. ఆ తర్వాత బంతి జారితే తిరిగి పట్టుకోవచ్చు. పాస్ ఇవ్వొచ్చు, షాట్ వేయొచ్చు. మళ్లీ డ్రిబుల్ మాత్రం చేయకూడదు, మధ్యలో ఇంకో ప్లేయర్ ఆ బంతిని తాకితే తప్ప. అందుకే విజిల్ నోట్లో ఉన్నంతసేపూ మనసులో ఒకటే ప్రశ్న ఉండాలి: బంతి జారక ముందు డ్రిబుల్ ముగిసిందా, లేదా? కేకలు విని నిర్ణయం తీసుకుంటే పిల్లలకు అన్యాయం చేసినవాళ్లం అవుతాం.

సమస్య: షాట్ వేస్తే రింగుకు, బోర్డుకు దేనికీ తగల్లేదు. వేసినవాడే పట్టుకుని మళ్లీ డ్రిబుల్ చేశాడు.

కారణం, పరిష్కారం: అది నిజంగా షాటే అయితే తప్పేమీ లేదు. బంతి చేతిని వదిలిన క్షణమే జట్టు అదుపు ముగిసింది, కాబట్టి ఇది కొత్త డ్రిబుల్. షాట్ కాదు, తనకు తానే గాల్లోకి విసురుకుని, నేలకు గానీ వేరొకరికి గానీ తగలకముందే పట్టుకున్నాడు అనిపిస్తే వయొలేషన్ (రూల్ తప్పినట్టు) ఇవ్వండి. ఈ తేడా రెఫరీ కంటితోనే తేలాలి.

సమస్య: పరుగులో బంతి అందుకుని లేఅప్‌కు (రింగు దగ్గరికి పరుగెత్తి వేసే షాట్‌కు) వెళ్తే "మూడు అడుగులు" అని గోల.

కారణం: 2017 అక్టోబరులో రూల్ మారింది. బంతి అదుపులోకి వచ్చేటప్పటికి నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు. ఆ తర్వాత పడేదే మొదటి అడుగు.

పరిష్కారం: కాళ్లకంటే ముందు చేతులు చూడండి. బంతి ఎప్పుడు చిక్కిందో తేల్చుకుని అక్కడి నుంచి రెండు లెక్కపెట్టండి. పరుగులో అందుకుని డ్రిబుల్‌కు దిగేవాళ్లయితే రెండో అడుగు పడకముందే బంతి చేయి వదలాలి.

బంతి తల ఎత్తున ఎగురుతోందని కూడా కొందరు ఆపేస్తుంటారు. ఎత్తుకు హద్దు లేదు. అరచేతిలో బంతి ఆగిందా లేదా అన్నదే చూడాలి.