సెంట్రీతో ఎర్రర్ రిపోర్టింగ్ అమర్చే ముందు జాగ్రత్తలు

సెంట్రీ అంటే యాప్‌లో వచ్చే ఎర్రర్లను నమోదు చేసి డెవలపర్లకు తెలిపే సేవ. కొత్త వెర్షన్ విడుదలకు ముందే వీటిని సరిచూసుకోవాలి.

వ్యక్తిగత సమాచారం: పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ సంఖ్య వంటివి రిపోర్టుతో పాటు బయటి సర్వర్‌కు ఒకసారి చేరాక వెనక్కు తీసుకోవడం చాలా కష్టం కనుక, పంపడానికి ముందు నడిచే బిఫోర్‌సెండ్ ఫంక్షన్‌లోనే వాటిని తొలగించాలి, వినియోగదారుల వివరాలు పంపే సెట్టింగును ఆపి ఉంచినంత మాత్రాన సరిపోదు, ఎర్రర్ సందేశంలోనే ఫోన్ నంబరు ఉండవచ్చు.

సోర్స్ మ్యాపులు: కుదించిన జావాస్క్రిప్ట్‌ను అసలు కోడ్‌తో జోడించే ఈ ఫైళ్లను అప్‌లోడ్ చేయకపోతే, తప్పు అసలు కోడ్‌లో ఏ వరుసలో ఉందో తెలియదు.

కోటా: లూపులో పడి పదేపదే వచ్చే ఒక్క ఎర్రర్ నెలకు అనుమతించిన రిపోర్టుల కోటా మొత్తాన్ని మింగేయగలదు కనుక పరిమితి పెట్టాలి.

ఎన్విరాన్‌మెంట్: టెస్టింగ్ ఎర్రర్లు ప్రొడక్షన్‌తో, అంటే వినియోగదారులు వాడే అసలు యాప్ ఎర్రర్లతో, కలిస్తే అలర్టులను ఎవరూ పట్టించుకోరు, అది సహజమే, కనుక రెండింటినీ వేరుగా ఉంచాలి.

పరీక్ష: కావాలని ఒక ఎర్రర్ పుట్టించి, దాని అలర్టు బాధ్యుడైన వ్యక్తికి నిజంగా చేరిందో లేదో చూడాలి.