జులై 4 సెలవులకు కుక్కతో అడవికి వెళ్తున్నారా?

అమెరికాలో ఉన్నవాళ్లు బయల్దేరే ముందు చూసుకోండి.

– అది నేషనల్ పార్కా, నేషనల్ ఫారెస్టా? రెండింటి రూల్స్ వేరు, ట్రిప్పంతా పాడయ్యేది ఇక్కడే. ఎల్లోస్టోన్ పార్కులో ట్రైల్స్ మీదికి కుక్కను అసలు రానివ్వరు. రోడ్డు, పార్కింగ్‌లకు 100 అడుగుల లోపలే ఉండాలి. పోనీ కారులో ఉంచి నడిచొద్దామంటే, ఎండకు కారు పొయ్యిలా కాలుతుంది.

– ఫారెస్టుల్లో చాలాచోట్ల రానిస్తారు. కానీ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎన్‌చాంట్‌మెంట్స్ అనే కొండ సరస్సుల ప్రాంతంలో కుక్కలు నిషేధం.

– లీష్ (కుక్కను పట్టుకునే తాడు) 6 అడుగులకు మించొద్దు. జింక కనబడితే మీ మాట వినదు.

– పచ్చటి తెట్టు కట్టిన నీళ్లు తాగనివ్వొద్దు, కొన్ని నాచులు విషం.

– మలం సంచిని "వచ్చేటప్పుడు తీసుకుందాం" అని దారిలో పెట్టకండి. ఎవరూ తీయరు, నేనూ మర్చిపోయాను.